మట్టికి రెండున్నర వేలా! | విజయవాడలో నా పింగాణీ కప్పు

అందరికీ నమస్తే అండీ. ఈసారి జర్మనీలో నేనుండే డ్రెస్డెన్ నుంచి కాదు, సత్యనారాయణపురంలో మా అమ్మ వంటింట్లోంచి. మా పిన్ని పోరు పడలేక తీస్తున్నా ఈ వీడియో. "శనివారం వస్తే మట్టి పిసకడానికి పోతావంటగా, ఎదురు డబ్బులిచ్చి మరీ?" అని ఫోన్ చేసినప్పుడల్లా ఇదే గొడవ. ఇదిగో పిన్నీ, కప్పు. సూట్‌కేసుని నమ్మలేక చీరలో చుట్టి చేతిసంచిలో తెచ్చా.

ఉండండి, ట్యూబ్‌లైటుకి ఎదురుగా పెడతా. వెనకున్న నా వేలు కనపడుతోందా? మట్టిలోంచి వెలుతురండీ! నాకు పిచ్చి పట్టించింది ఇదే.

ఇది తెల్లటి కేయోలిన్ మట్టి, ఫెల్‌స్పార్, క్వార్ట్జ్ అనే రాళ్ళ పొడులు కలిపింది. ఎర్రమట్టిలా మాట వినదు. సారె మీద నీళ్ళు కాస్త ఎక్కువైతే చాలు, కూలబడుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు అంచు వంకరపోయిందనుకోండి, వేలితో సర్దేస్తాం, గుండ్రంగానే కనపడుతుంది. బట్టీలో 1,300 డిగ్రీల దగ్గరికి వెళ్ళాక పగబట్టినట్టు మళ్ళీ ఆ వంకరకే పోతుంది. పైగా ఎండి, కాలి బయటికొచ్చేసరికి ఏడింట ఒక వంతు మేర కుంచించుకుపోతుంది. అమ్మ మాత్రం "నాలుగు గుక్కల కాఫీ పట్టదు, దీనికింత కథా" అంటోంది.

ఖర్చా? పది కిలోల మట్టి 25 యూరోలు, అంటే మన రెండున్నర వేలు. కాల్చినందుకు విడిగా ఇచ్చుకోవాలి. అది వినగానే అమ్మ కూజా వంక చూసింది. నిజమేలెండి, ఈ ఎండల్లో గెలుపు కూజాదే. దాని ఒంటినిండా సన్నటి రంధ్రాలు, నీళ్ళు చెమర్చి ఆవిరవుతూ లోపలివి చల్లబడతాయి. పింగాణీ బట్టీ వేడికి సగం గాజై బిగుసుకుంటుంది, చుక్క పీల్చదు. మన ఆవకాయ జాడీ మట్టి వేరుగానీ, అదీ బాగా వేడికి గట్టిపడిందే, అందుకే నూనె ఊరదు.

అన్నట్టు, డ్రెస్డెన్ పక్కనే మైసెన్ అనే ఊరు, పింగాణీకి పేరు. మూడొందల ఏళ్ళ కిందట, బంగారం చేసిపెడతానన్న బ్యోట్గర్ అనే రసవాదిని అక్కడి ఆగస్టస్ రాజు బంధించి పెట్టుకున్నాడు. బంగారం రాలేదుగానీ పింగాణీ గుట్టు దొరికింది. అప్పటిదాకా యూరప్ వాళ్ళు చైనా, జపాన్ల నుంచి తెప్పించుకోవడమే. 1710లో మైసెన్ కోటలోనే ఫ్యాక్టరీ పెట్టారు. తర్వాత చోటు మారినా ఇప్పటికీ నడుస్తోంది, చేత్తోనే రంగులేస్తారు. అక్కడ ధరలు చెప్తే అమ్మ ఈ కప్పు లాకర్లో పెడుతుంది.

శనివారమే ఎందుకంటే, ఆదివారం ఊళ్ళో షాపులన్నీ మూతే. శనివారం కూడా ఇంట్లో ఉండిపోతే రెండ్రోజులూ నోరు తెరిచే పని పడదు. స్టూడియోలో పక్క సారె మీద ఒక పెద్దావిడ ఉంటుంది. నా జర్మన్ అంతంతమాత్రం, పెద్దగా మాట్లాడుకోం. కానీ నేను కప్పు గోడ పైకి లాగుతుంటే ఆవిడ ఊపిరి బిగబట్టి చూస్తుంది. ఈ ముక్క ఎడిటింగ్‌లో తీసేయాలి, అమ్మ వింటే గోల.

పిన్ని ఇప్పుడేమో, తనకీ అక్కచెల్లెళ్ళకీ తలా ఒకటి, ఆరు కప్పులు కావాలంటోంది. ఆరూ ఒకేలా రావు పిన్నీ అన్నా. "మేం ఆరుగురం ఒకేలా ఉన్నామా ఏంటే?" అంది.