జొన్నరొట్టె తింటే కొలెస్ట్రాల్ తగ్గుతుందా?

(గుండె ఆరోగ్యం మీద రేడియో ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి. శ్రోతలతో మాట్లాడినవారు గుండె వైద్య నిపుణురాలు.)

వ్యాఖ్యాత: హలో, ఎక్కడి నుంచమ్మా?

శ్రోత: నంద్యాల నుంచండీ. మేడమ్, మా ఆయనకు 48 ఏళ్లు. రక్తపరీక్షలో ఎల్‌డీఎల్, అదే చెడు కొలెస్ట్రాల్, 152 వచ్చింది. బీపీ, షుగర్ లేవు. మూడు నెలలు తిండి మార్చి చూద్దామన్నారు డాక్టరుగారు. అన్నం మాన్పించి రెండు పూటలా జొన్నరొట్టె పెడుతున్నా. సరిపోతుందా?

డాక్టరు: మంచి పని చేశారమ్మా. వంద గ్రాముల తెల్లబియ్యంలో పీచు 3 గ్రాములు కూడా ఉండదు, జొన్నల్లో 10 దాకా ఉంటుంది. రొట్టెలోకి ఏం చేస్తున్నారు?

శ్రోత: శెనక్కాయల పచ్చడండీ. ఎప్పుడన్నా కూర.

డాక్టరు: మార్చాల్సింది అక్కడ. పీచు రెండు రకాలమ్మా. జొన్నల్లో ఎక్కువగా ఉండేది నీళ్లలో కరగని పీచు. కడుపు నిండినట్టు ఉంచుతుంది, విరేచనం సాఫీగా అయ్యేలా చేస్తుంది. కొలెస్ట్రాల్‌ని నేరుగా తగ్గించేది మాత్రం నీళ్లలో కరిగే పీచు. మెంతులు రాత్రి నానబెడితే పొద్దునకల్లా గింజ చుట్టూ జారుడుగా జిగురు కనబడుతుంది కదా, అదే. బెండకాయ జిగురూ అదే. గోరుచిక్కుడులో, పప్పుల్లో, బార్లీలో, ఓట్స్‌లో, జామకాయలో కూడా ఉంటుంది.

శ్రోత: ఆ జిగురు రక్తంలోకి పోయి కొవ్వుని కరిగిస్తుందా మేడమ్?

డాక్టరు: రక్తంలోకి అసలు పోదు. పని అంతా పేగుల్లోనే. మన లివర్ కొలెస్ట్రాల్‌తోనే పైత్యరసం తయారుచేస్తుంది. కొవ్వు అరగడానికి అది పేగుల్లోకి వస్తుంది, పనయ్యాక చాలావరకు తిరిగి లివర్‌కే చేరుతుంది. జిగురు పీచు ఉంటే అందులో కొంత పట్టుకుని మలంతో బయటికి తీసుకుపోతుంది. పోయిన పైత్యరసాన్ని మళ్లీ తయారుచేసుకోవాలి కాబట్టి లివర్ రక్తంలోని ఎల్‌డీఎల్‌ని లాక్కుంటుంది. అలా తగ్గుతుంది.

శ్రోత: ఎంత తగ్గుతుందండీ?

డాక్టరు: రోజూ క్రమం తప్పకుండా తింటే 5 నుంచి 10 శాతం. అంటే 152 ఉన్నది 140 చుట్టుపక్కలకు రావచ్చు. దానికి తోడు బేకరీ తిండి, పామాయిల్, డాల్డా, మాంసంలో కొవ్వు తగ్గిస్తే ఇంకా దిగుతుంది. రొట్టె అలాగే ఉంచండి. పక్కన ఒక పూట గోరుచిక్కుడు కూర, ఇంకో పూట ఆకుకూర పప్పు చిక్కగా పెట్టండి. పచ్చడి ఒక చెంచా చాలు. పొద్దున పొట్టు పెసలతో పెసరట్టు వేయండి, పొట్టు తీసిన పప్పు వద్దు. ఒకేసారి అన్నీ పెంచితే గ్యాస్, ఉబ్బరం వచ్చి నాలుగో రోజుకే ఆయన వద్దంటారు. వారం వారం కాస్త పెంచండి, నీళ్లు బాగా తాగమనండి.

వ్యాఖ్యాత: కరీంనగర్ నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండి సార్.

శ్రోత: నమస్తే మేడమ్. పోయినేడు నాకు స్టెంట్ వేశారు. కొలెస్ట్రాల్ నార్మల్ వచ్చింది కదా అని రెండు నెలల నుంచి ఆ గోలీ ఆపి, పరగడుపున మెంతుల నీళ్లు తాగుతున్నా. వాట్సాప్‌లో చూశా. మంచిదే కదా?

డాక్టరు: రక్తం పల్చబడే గోలీ కూడా ఆపారా?

శ్రోత: లేదు మేడమ్, అది వేసుకుంటున్నా.

డాక్టరు: హమ్మయ్య. అది ఆపొద్దు. ఇప్పుడు ఈ మాట వినండి అన్నా. నార్మల్ వచ్చింది గోలీ వేసుకున్నందుకే. స్టెంట్ పడినవాళ్లకు ఎల్‌డీఎల్ 55 కన్నా తక్కువ ఉండాలి. మీలాంటివాళ్లకు ఇచ్చే మోతాదులో ఆ గోలీ ఎల్‌డీఎల్‌ని సగానికి తగ్గిస్తుంది. పీచు ఎంత తిన్నా అంత తగ్గించలేదు. పైగా మెంతుల నీళ్లు తాగి గింజలు పారేస్తే పీచు చాలావరకు ఆ గింజల్లోనే పోతుంది. గింజలు కూడా నమిలి తినండి, కానీ గోలీకి బదులుగా కాదు. గోలీ ఎందుకు ఆపాలనిపించింది?

శ్రోత: పిక్కలు గుంజుతున్నాయి మేడమ్. అందరూ దానివల్లే అన్నారు.

డాక్టరు: అది మీ డాక్టరుకు చెప్పాల్సిన సంగతి. మోతాదు తగ్గించవచ్చు, వేరే మందు ఇవ్వవచ్చు, దారులు ఉన్నాయి. ఇలా చెప్పకుండా మానేసి మళ్లీ గుండెపోటుతో వచ్చినవాళ్లను చూసినప్పుడు చాలా బాధేస్తుంది అన్నా. ఈ రోజే మీ డాక్టరుకు ఫోన్ చేసి, గోలీ మళ్లీ ఎలా మొదలుపెట్టాలో అడగండి. చేస్తారా?

శ్రోత: చేస్తా మేడమ్. పెట్టేయగానే చేస్తా.

వ్యాఖ్యాత: చివరి కాల్, అనకాపల్లి నుంచి. త్వరగా అడగండమ్మా.

శ్రోత: ఇసబ్‌గోల్ తాగమన్నారు మేడమ్. పొద్దున థైరాయిడ్ మాత్ర వేసుకున్న వెంటనే తాగొచ్చా?

డాక్టరు: వద్దమ్మా, ఇసబ్‌గోల్ కూడా జిగురు పీచే, దాంతో మాత్ర సరిగా ఒంటికి పట్టదు. మాత్ర పరగడుపున వేసుకుని, ఇసబ్‌గోల్‌కి కనీసం నాలుగు గంటలు తేడా ఇవ్వండి.

శ్రోత: అయితే రాత్రి భోజనానికి ముందు?

డాక్టరు: బాగుంటుంది. నిండు గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగేయండి, గట్టిపడేదాకా ఉంచొద్దు.