పడిపోతూ ఆపిన గోలీ: డొమినిక్ హాషెక్

అందరికీ నమస్కారం.

ఐస్ హాకీ మన దగ్గర చూసేవాళ్ళు తక్కువ. అందుకని ముందు ఆట గురించి రెండు ముక్కలు చెప్పి అసలు విషయానికి వస్తాను. మంచు మీద ఒక్కో జట్టు తరఫున అయిదుగురు స్కేట్లు కట్టుకుని ఆడతారు. ఆరోవాడు గోల్‌కీపర్, హాకీవాళ్ళ మాటలో గోలీ. బంతికి బదులు గట్టి రబ్బరు బిళ్ళ ఉంటుంది, దాన్ని పక్ అంటారు. బరువు సుమారు 170 గ్రాములు. మంచు మీద ఎగిరెగిరి పడకుండా మ్యాచ్‌కి ముందు దాన్ని బాగా చల్లబరుస్తారు. గోల్ వెడల్పు ఆరడుగులు, ఎత్తు నాలుగడుగులు. చెయ్యి తిరిగిన ఆటగాడు కొడితే పక్ గంటకు 150 కిలోమీటర్లు దాటి దూసుకొస్తుంది. దానికి అడ్డం పడడమే గోలీ పని.

ఆ పని చేసినవాళ్ళలో నా దృష్టిలో అందరికన్నా గొప్పవాడు చెక్ దేశస్థుడు డొమినిక్ హాషెక్. ఆ సంగతి లోకం ఒప్పుకునేసరికి అతనికి ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చాయి. ఆలస్యానికి కారణం అతని ఆటలో లేదు. ఒకటి, అతను పుట్టిన దేశం చుట్టూ ఉన్న కంచె. రెండు, ఆట ఇలాగే కనిపించాలి అని ముందే నిర్ణయించేసుకున్న నిపుణుల చూపు. ఈ రెంటినీ అతను ఎలా దాటాడన్నదే ఇవాళ నేను చెప్పదలచుకున్నది.

హాషెక్ 1965 జనవరి 29న పార్దుబిత్సే అనే ఊళ్ళో పుట్టాడు. అప్పటికది చెకోస్లోవేకియా. అతనికి మూడేళ్ళప్పుడు, 1968 ఆగస్టులో, సోవియట్ నాయకత్వాన వార్సా ఒప్పంద దేశాల ట్యాంకులు ఆ దేశంలోకి దిగాయి. తర్వాత ఏం జరిగిందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే చెక్ ప్రజలకు హాకీ అంటే ఏమిటో అది తెలియకపోతే మనకు అర్థం కాదు. 1969 మార్చిలో స్టాక్‌హోమ్‌లో ప్రపంచ పోటీలు జరిగాయి. చెకోస్లోవేకియా జట్టు సోవియట్ జట్టును ఒకే పోటీలో రెండుసార్లు ఓడించింది. మొదట 2-0, తర్వాత 4-3. రెండోసారి గెలిచిన రాత్రి జనం ఇళ్ళల్లో ఉండలేక వీధుల్లోకి వచ్చేశారు. ప్రాగ్ నడిబొడ్డున ఉన్న సోవియట్ విమాన సంస్థ ఏరోఫ్లోట్ ఆఫీసు ధ్వంసమైంది. ఆ మరుసటి నెలలోనే సంస్కరణల నాయకుడు దుబ్చెక్‌ను పదవి నుంచి దించేశారు. అక్కడి పిల్లలు ఈ జ్ఞాపకాల మధ్యే హాకీ స్టిక్ పట్టారు.

హాషెక్ గోలీ అయిన తీరు అతనే చెప్పాడు. ఆరేళ్ళప్పుడు తండ్రి సెలెక్షన్‌కి తీసుకెళ్ళాడు. సరైన స్కేట్లు లేవు, మామూలు బూట్లకే బ్లేడ్లు బిగించుకుని వెళ్ళాడు. తొమ్మిదేళ్ళ పిల్లల జట్టులో గోలీ లేడట. ఈ కుర్రాడు వయసుకు మించి పొడుగ్గా ఉన్నాడని గోల్‌లో నిలబెట్టారు. పదహారో ఏటికి, 1981లో, దేశంలోని అగ్రశ్రేణి లీగ్‌లో పార్దుబిత్సే సీనియర్ జట్టుకే ఆడాడు. 1987లో, 1989లో ఆ జట్టు జాతీయ చాంపియన్ అయింది. ఆడుతూనే చరిత్ర, చెక్ భాష చెప్పే టీచర్ చదువు కూడా పూర్తి చేశాడు.

1983లో నార్త్ అమెరికాలో ఒక చిన్న విషయం జరిగింది. ఎన్‌హెచ్‌ఎల్ అంటే నార్త్ అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్, ప్రపంచంలోనే అతి పెద్ద లీగ్. ఏటా అక్కడి జట్లు కొత్త కుర్రాళ్ళను వరసగా ఎంచుకుంటాయి, దాన్ని డ్రాఫ్ట్ అంటారు. ఆ ఏడు షికాగో జట్టు తన వంతు వచ్చినప్పుడు 199వ పేరుగా హాషెక్‌ని రాసుకుంది. ఆ సంగతి హాషెక్‌కి నెలలు గడిచాక గానీ తెలియలేదు! తెలిసినా చేసేదేముంది? కమ్యూనిస్టు ప్రభుత్వం ఆటగాళ్ళను బయటికి వెళ్ళనిచ్చేది కాదు. వెళ్ళాలంటే పారిపోవాలి. పారిపోతే కన్నవాళ్ళను మళ్ళీ చూస్తామో లేదో తెలియదు. పెట్ర్ స్వొబొదా అనే డిఫెన్స్ కుర్రాడు 1984లో జూనియర్ పోటీలకు పశ్చిమ జర్మనీ వెళ్ళి అట్నుంచి అటే వెళ్ళిపోయాడు. హాషెక్ ఉండిపోయాడు. ఈ ఇద్దరి పేర్లూ గుర్తుంచుకోండి.

1989 చివర్లో ప్రభుత్వం కూలింది, దార్లు తెరుచుకున్నాయి. 1990లో హాషెక్ షికాగో చేరాడు. స్వదేశంలో వరసగా అయిదేళ్ళు ఉత్తమ గోలీగా నిలిచినవాడు అక్కడ బెంచీ మీద కూర్చున్నాడు. ఆ జట్టుకు అప్పటికే ఎడ్ బెల్ఫోర్ అనే గట్టి గోలీ ఉన్నాడు. రెండు సీజన్లలో హాషెక్‌కి దక్కినవి 25 మ్యాచ్‌లు. మధ్యలో ఇండియనాపోలిస్‌లోని కిందిస్థాయి జట్టుకూ పంపారు. 1992లో అతన్ని బఫెలో జట్టుకు ఇచ్చేశారు. బదులుగా తీసుకున్నది మరో గోలీని, ఒక డ్రాఫ్ట్ అవకాశాన్ని. హాకీ చరిత్రలో ఇంతకన్నా తప్పు లెక్క వేసిన బేరాలు తక్కువే.

ఎందుకు వదులుకున్నారు? అతని ఆట వాళ్ళకు ఆటలా కనిపించలేదు. అప్పటికి గోలీలకు ఒక పద్ధతి స్థిరపడుతోంది. మోకాళ్ళు దగ్గర పెట్టి, కాళ్ళు రెండు పక్కలకూ పరిచి, కోణం మూసేసి, పక్ వచ్చి ఒంటికి తగిలేలా నిలవడం. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. హాషెక్ అలా కాదు, ఒడ్డున పడ్డ చేపలా కొట్టుకునేవాడు. వెల్లకిలా పడి రెండు కాళ్ళూ గాల్లోకి లేపేవాడు. దొర్లేవాడు. ఒక్కోసారి స్టిక్ వదిలేసి, స్టిక్ పట్టుకోవాల్సిన చేత్తోనే పక్‌ని మంచు మీద అదిమేసేవాడు. అలా ఎవరూ చేసేవారు కాదు. చూసినవాళ్ళు అదృష్టం అన్నారు.

నిదానంగా చూస్తే అందులో లెక్క కనిపిస్తుంది. గోల్ దగ్గర తొక్కిసలాటలో పక్ ఎక్కువగా మంచుకు ఆనుకునే వస్తుంది. కాబట్టి హాషెక్ ముందు కింది భాగం మొత్తం ఒంటితో మూసేసేవాడు. పై భాగానికి చేతులున్నాయి, ఎక్కడికైనా వంగే నడుముంది, చివరికి అరికాళ్ళున్నాయి. పైగా మొదటి షాట్ ఆపి ఊరుకోడు. పక్ ఎక్కడుందో కళ్ళు వదలవు. పడి ఉన్నప్పుడు కూడా తల పక్ వైపే తిరిగి ఉంటుంది. చిన్నప్పుడు అతనికి ఇలా నిలబడు అని నేర్పిన గోలీ కోచ్ లేకపోవడం అతనికి మేలే చేసిందని నా నమ్మకం.

1993-94 సీజన్‌లో బఫెలో మొదటి గోలీ గ్రాంట్ ఫ్యూర్‌కి దెబ్బ తగిలింది. హాషెక్ గోల్‌లోకి వచ్చాడు. ఆ సీజన్‌లో మ్యాచ్‌కి సగటున అతను ఇచ్చిన గోల్స్ 1.95. రెండుకి లోపు అన్నది ఆ లీగ్‌లో ఇరవై ఏళ్ళుగా ఎవరికీ సాధ్యం కాలేదు. వందకి 93 షాట్లు ఆపాడు. 1994 ఏప్రిల్ 27 రాత్రి న్యూజెర్సీతో ప్లేఆఫ్ మ్యాచ్. ప్లేఆఫ్ అంటే సీజన్ చివర కప్పు కోసం జరిగే పోటీ. అరవై నిమిషాల ఆట అయింది, గోల్ లేదు. ఇరవై నిమిషాల అదనపు సమయం ఒకటి, రెండు, మూడు అయ్యాయి, అప్పటికీ గోల్ లేదు. అవతలి గోల్‌లో ఇరవై ఒక్కేళ్ళ మార్టిన్ బ్రొడూర్. నాలుగో అదనపు సమయంలో, అర్ధరాత్రి దాటి చాలాసేపయ్యాక, బఫెలో ఆటగాడు డేవ్ హానన్ గోల్ కొట్టాడు. 1-0. ఆ రాత్రి హాషెక్ ఆపిన షాట్లు 70. తర్వాతి మ్యాచ్ ఓడి బఫెలో ఇంటిదారి పట్టింది, అది వేరే విషయం. అదృష్టం అనేవాళ్ళకు మాత్రం ఇక మాట దొరకలేదు.

తర్వాత బహుమతులు వరస కట్టాయి. ఉత్తమ గోలీకిచ్చే వెజీనా ట్రోఫీ ఆరుసార్లు. లీగ్ మొత్తంలో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ 1997లో, 1998లో. రెండుసార్లు దాన్ని అందుకున్న గోలీ ఇతనొక్కడే. అయితే అంతా సాఫీగా లేదు. 1997 ప్లేఆఫ్‌లో మోకాలి నొప్పితో మధ్యలో తప్పుకుంటే, నిజంగా దెబ్బేనా అని ఒక పత్రికలో రాశారు. హాషెక్ ఆ విలేకరి మీదికి వెళ్ళి చొక్కా పట్టుకున్నాడు. లీగ్ మూడు మ్యాచ్‌ల నిషేధం వేసింది, సొంత ప్రేక్షకులే కేకలు వేశారు. అతను చేసింది తప్పే. ఆ టెన్షన్ మోస్తూనే నగానో ఒలింపిక్స్ జరిగిన సీజన్‌లోకి అడుగు పెట్టాడు.

1998 ఫిబ్రవరి, జపాన్. ఒలింపిక్స్ కోసం ఎన్‌హెచ్‌ఎల్ తన సీజన్ ఆపుకుని అందరినీ పంపడం అదే మొదటిసారి. కెనడా జట్టులో వేన్ గ్రెట్స్కీ ఉన్నాడు, గోల్‌లో పాట్రిక్ రువా. అమెరికా నిండా ఎన్‌హెచ్‌ఎల్ వాళ్ళే. ఇవాన్ హ్లింకా కోచ్‌గా ఉన్న చెక్ జట్టులో సగం మంది స్వదేశంలోనో యూరప్ లీగుల్లోనో ఆడేవాళ్ళు. క్వార్టర్ ఫైనల్లో అమెరికాను 4-1తో ఓడించి సెమీస్‌లో కెనడా ముందు నిలిచారు.

ఆ సెమీఫైనల్లో చెక్‌లకు యిర్షీ ష్లేగర్ గోల్ సాధించిపెట్టాడు. ఇంకొక్క నిమిషం గడిస్తే గెలుపే. సరిగ్గా 63 సెకన్లు ఉందనగా కెనడా తరఫున ట్రెవర్ లిండెన్ సమం చేశాడు. అదనపు సమయంలోనూ తేలలేదు. ఇక షూటౌట్. ఒక్కో ఆటగాడు మధ్య గీత నుంచి పక్ తీసుకుని ఒంటరిగా గోలీ మీదికి రావాలి, జట్టుకు అయిదేసి అవకాశాలు. చెక్ తరఫున మొదట వచ్చిన రాబర్ట్ రైఖెల్ రువాని దాటి గోల్ కొట్టాడు. అటునుంచి ఫ్లూరీ వచ్చాడు, గోల్ కాలేదు. బోర్క్, న్యూవెండైక్, లిండ్రోస్ ఒకరి తర్వాత ఒకరు వచ్చారు, ఒక్కటీ లోపలికి పోలేదు. చివర షానహాన్. అదీ ఆగింది. హాషెక్ స్టిక్ విసిరేసి గాల్లోకి ఎగిరాడు. కెనడా అయిదుగురి జాబితాలో గ్రెట్స్కీ పేరు లేదు. అప్పటికి ఎన్‌హెచ్‌ఎల్‌లో అత్యధిక గోల్స్ కొట్టినవాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టడం మీద కెనడాలో ఇప్పటికీ వాదించుకుంటారు. పంపి ఉంటే గోల్ అయ్యేదా? ఆ రోజు హాషెక్‌ని చూసినవాడిగా నాకు నమ్మకం లేదు.

ఫైనల్ రష్యాతో. సెమీస్‌లో ఫిన్లండ్ మీద ఒక్కడే అయిదు గోల్స్ కొట్టిన పవెల్ బూరే అటువైపు ఉన్నాడు. ప్రాగ్‌లో అప్పటికింకా తెల్లవారలేదు. ఫిబ్రవరి చలిలో పాత నగర కూడలి నిండా జనం, పెద్ద తెర మీద ఆట. మూడో భాగంలో, ఆట 49వ నిమిషంలో, దూరం నుంచి ఒక షాట్ వెళ్ళి గోల్ అయింది. కొట్టినవాడు పెట్ర్ స్వొబొదా. పద్నాలుగేళ్ళ కిందట దేశం విడిచి పారిపోయిన ఆ కుర్రాడే. పారిపోయినవాడు గోల్ కొట్టాడు, ఉండిపోయినవాడు దాన్ని చివరిదాకా కాపాడాడు. 1-0. ఆరు మ్యాచ్‌ల్లో హాషెక్ ఇచ్చిన గోల్స్ మొత్తం ఆరు. జట్టు ప్రాగ్‌కి వచ్చినప్పుడు జనం "హాషెక్‌ని కోటకు పంపండి" అని అరిచారు. అక్కడ కోట అంటే దేశాధ్యక్షుడి నివాసం. అధ్యక్షుడు వాత్స్లావ్ హావెల్ అప్పుడు పదవిలోనే ఉన్నారు. 2004లో ఈ గెలుపు మీద ప్రాగ్ నేషనల్ థియేటర్‌లో ఏకంగా ఒక ఒపేరానే ఆడారు.

మరుసటి ఏడు జరిగింది అన్యాయమని నేనంటాను. 1999లో ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఫైనల్, ఆరో మ్యాచ్, బఫెలో సొంత మైదానం. మూడో అదనపు సమయంలో డాలస్ ఆటగాడు బ్రెట్ హల్ గోల్ కొట్టి కప్పు ఎగరేసుకుపోయాడు. గోలీ ముందు నీలం రంగు అర్ధవృత్తం ఉంటుంది. పక్ కన్నా ముందు దాడి చేసేవాడి కాలు అందులో ఉంటే గోల్ చెల్లదన్నది అప్పటి నియమం. హల్ కాలు లోపలే ఉంది. ఆ సీజన్ పొడుగునా అలాంటి గోల్స్ ఎన్నింటినో చెల్లవని కొట్టేశారు. ఇక్కడ మాత్రం, పక్ అప్పటికే హల్ అదుపులో ఉంది కాబట్టి చెల్లుతుందన్నారు. మైదానం నిండా సంబరాలు మొదలైపోయాయి, వెనక్కి తీసుకునే దారి లేదు. తర్వాతి సీజన్‌కల్లా ఆ నియమాన్నే ఎత్తేశారు. ఏ నియమం పెట్టినా అది సీజన్ మొదట్లోనూ ఫైనల్లోనూ ఒకేలా ఉండాలి కదా?

ఆ కప్పు కోసమే 2001లో డెట్రాయిట్ వెళ్ళాడు. 2002లో గెలిచాడు, ముప్పై ఏడేళ్ళ వయసులో. సెమీస్ చివరి మ్యాచ్‌లో అవతల మళ్ళీ పాట్రిక్ రువాయే, డెట్రాయిట్ 7-0తో గెలిచింది. రిటైరయ్యాడు, తిరిగొచ్చాడు. ఒటావాలో ఒక ఏడాది ఆడాడు, గాయపడ్డాడు, మళ్ళీ డెట్రాయిట్ చేరాడు. 2008లో ప్లేఆఫ్ మొదటి రౌండ్‌లోనే అతన్ని పక్కన పెట్టి మరో గోలీ ఆస్గుడ్‌ని దించారు. జట్టు కప్పు గెలిచింది. బెంచీ మీద ఉన్న హాషెక్ గొడవ చేయలేదు. 1997లో చొక్కా పట్టుకున్న మనిషి ఇతనేనా అనిపిస్తుంది నాకు. ఆ తర్వాత సొంత ఊరు పార్దుబిత్సే తిరిగి వెళ్ళి, 2010లో నలభై అయిదేళ్ళ వయసులో ఆ జట్టును చాంపియన్‌ చేశాడు. ఇంకో సీజన్ మాస్కోలో స్పార్టక్‌కి ఆడాడు. 2014లో హాకీ దిగ్గజాల గౌరవ జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. ఎన్‌హెచ్‌ఎల్ కెరీర్ మొత్తంలో అతను ఆపిన షాట్ల శాతం 92.2, లీగ్ చరిత్రలో ఇదే అత్యధికం.

మాస్కోలో ఆడినవాడే అయినా, 2022లో రష్యా యుక్రెయిన్ మీద దాడి చేశాక గట్టిగా గొంతు విప్పిన హాకీ ప్రముఖుల్లో హాషెక్ ముందున్నాడు. రష్యన్ ఆటగాళ్ళ కాంట్రాక్టులు నిలిపెయ్యాలని ఎన్‌హెచ్‌ఎల్‌ను అడిగాడు. ఆటగాళ్ళను దేశం చేసిన పనికి శిక్షించాలా అన్నది పెద్ద చర్చ. నేను అతనితో పూర్తిగా ఏకీభవించను. కానీ మూడేళ్ళ వయసులో తన దేశంలోకి ట్యాంకులు రావడం చూసిన తరంవాడు ఆ మాట అన్నప్పుడు కొట్టిపారెయ్యలేను.

ఇప్పుడు తెర మీద నగానో షూటౌట్ వేస్తారు. రెండుసార్లు చూద్దాం. మొదటిసారి ఎలాగూ అందరి కళ్ళూ పక్ మీదే ఉంటాయి. రెండోసారి హాషెక్ తల వైపు మాత్రమే చూడండి, ముఖ్యంగా షానహాన్ వచ్చినప్పుడు. తర్వాత ప్రశ్నలు తీసుకుంటాను.