తాత పేరు పెట్టుకున్న ఇద్దరు: డేటాబేస్ గురించి కొన్ని మాటలు

శ్రోతలకు నమస్కారం.

మా ఊరి శాఖా గ్రంథాలయంలో పుస్తకం ఇంటికి తీసుకెళ్ళాలంటే గుమ్మం పక్క బల్ల మీదున్న పొడవాటి రిజిస్టరులో రాయాలి. వేసవి సెలవుల్లో ఆ రాసే పని నాది. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని లైబ్రేరియన్ గారు నాకు అప్పజెప్పారు. పేజీకి ఐదు నిలువు గడులు: తేదీ, పుస్తకం పేరు, తీసుకున్నవారి పేరు, చిరునామా, తిరిగి ఇచ్చిన తేదీ. స్కేలు పెట్టి పెన్సిలుతో ఆ గీతలు గీసేది కూడా నేనే.

చాలా ఏళ్ళుగా నా ఉద్యోగం డేటాబేసులతోనే. డేటాబేస్ అంటే ఏమిటో మామూలు మాటల్లో చెప్పమని అడగ్గానే నా కళ్ళముందు మెదిలింది ఆ రిజిస్టరే.

కావలసినప్పుడు వెతికితే దొరికేలా, ఒక పద్ధతిలో దాచిన సమాచారమే డేటాబేస్. ఆ రిజిస్టరు అచ్చంగా అదే. దాన్ని ఎవరు తెరవాలి, ఏ గడిలో ఏం రాయాలి, అడిగినవారికి ఏం చెప్పాలి, ఇవన్నీ చూసుకునేది లైబ్రేరియన్ గారు. కంప్యూటర్లో ఆయన పని చేసే సాఫ్ట్‌వేర్‌ని డేటాబేస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు, పొట్టిగా డీబీఎంఎస్. ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ అని ఇంట్లో పిల్లలు మాట్లాడుకుంటుంటే వినే ఉంటారు. అవి ఇవే. గీతలు గీసిన పేజీ టేబుల్, అంటే పట్టిక. అడ్డంగా ఉండే ఒక్కో వరుస ఒక రికార్డు. నిలువుగా ఉండేది కాలమ్.

ఒక వేసవిలో జరిగిన సంగతి చెప్తాను. మా ఊళ్ళో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్ళు ఇద్దరుండేవారు. అన్నదమ్ముల పిల్లలు, ఇద్దరికీ తాత పేరే పెట్టారు. మన ఇళ్ళల్లో ఇది మామూలే కదా. ఊరివాళ్ళకి ఏ ఇబ్బందీ లేదు. ఒకాయన పంతులు గారు, ఇంకొకాయన సైకిల్ షాపు ఆయన. రిజిస్టరుకి ఆ తేడా తెలియదు. సైకిల్ షాపు ఆయన ఒక నవల తీసుకుని ఆరు నెలలైనా తిరిగి ఇవ్వలేదు. ఆయన తీసుకెళ్ళిన రోజు చిరునామా గడిలో నేను వీధి పేరు మాత్రమే రాశాను. ఇద్దరిదీ ఒకటే వీధి. జరిమానా కట్టమన్న ఉత్తరం పంతులు గారింటికి వెళ్ళింది. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు, లైబ్రరీకి రావడం మానేశారంతే. రోజూ సాయంత్రం ఐదింటికి వచ్చి పేపరు చదివే మనిషి. కిటికీ దగ్గర ఆయన కుర్చీ ఖాళీగా కనిపించినప్పుడల్లా నేను రాసిన ఆ వరుసే గుర్తొచ్చేది.

పేరును నమ్ముకోకూడదన్నది డేటాబేస్ పనిలో మొదట నేర్చుకునే విషయం. ప్రతి రికార్డుకీ మరే రికార్డుకీ లేని గుర్తు ఒకటుండాలి. దాన్ని ప్రైమరీ కీ అంటారు. ఆధార్‌కి 12 అంకెలు, రైలు టికెట్టు మీద పీఎన్‌ఆర్‌కి 10 అంకెలు ఉన్నది అందుకే. మన పేర్లతో మరీ చిక్కు. ఇంటిపేరు ఒక కార్డులో ముందుంటుంది, ఇంకో కార్డులో వెనక. ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరం. వెంకటేశ్వర్లు అన్న పేరుని ఇంగ్లీషులో రాయమంటే నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు. పోనీ అని కొందరు ఫోన్ నంబరునే కీగా పెట్టేస్తుంటారు. నాకది ససేమిరా నచ్చదు. ఇంటిల్లిపాదికీ ఒకటే నంబరున్న ఇళ్ళెన్నో ఉన్నాయి. ఒకరు వదిలేసిన నంబరు కొన్నాళ్ళకి ఇంకొకరి చేతికొస్తుంది, పాతాయన సమాచారం కొత్తాయన ఫోన్‌కి వెళ్తుంది. ఒకసారి ఇచ్చాక ఎప్పటికీ మారనిదే కీగా పనికొస్తుంది.

మా రిజిస్టరులో ఇంకో లోపం కూడా ఉండేది. పుస్తకం తీసుకున్న ప్రతిసారీ పేరూ చిరునామా మళ్ళీ రాసేవాళ్ళం. ఏడాదిలో నలభైసార్లు వచ్చిన మనిషి చిరునామా నలభై చోట్ల ఉంటుంది. ఆయన ఇల్లు మారాడనుకోండి, సగం వరుసల్లో పాత ఇల్లు, సగంలో కొత్త ఇల్లు. దీనికి మందేమిటంటే, సభ్యులకి ఒక పట్టిక, పుస్తకాలకి ఒక పట్టిక, ఇచ్చిపుచ్చుకోవడాలకి మూడో పట్టిక పెట్టడం. మూడోదాంట్లో సభ్యుడి నంబరు, పుస్తకం నంబరు, తేదీలు ఉంటే చాలు. ఇలా వేరే పట్టికలోని కీని తెచ్చి ఇక్కడ రాసుకుంటే అది ఫారిన్ కీ. సభ్యుల పట్టికలో లేని నంబరు ఇక్కడ రాయబోతే డీబీఎంఎస్ ఒప్పుకోదు. ఒక విషయం ఒక్కచోటే ఉండేలా పట్టికల్ని విడదీయడాన్ని నార్మలైజేషన్ అంటారు. చిరునామా మారితే ఒక్క గడి దిద్దితే సరిపోతుంది.

సమాచారాన్ని ఇలా పట్టికలుగా చూసే పద్ధతికి గట్టి పునాది వేసినాయన ఎడ్గర్ కాడ్. ఇంగ్లండులో పుట్టి, లెక్కలు చదువుకుని, కాలిఫోర్నియాలో శాన్ హోసేలోని ఐబీఎం అనే కంప్యూటర్ల కంపెనీ పరిశోధనశాలలో పనిచేశారు. 1970లో ఆయన రాసిన ఒక్క వ్యాసం ఈ రంగాన్నే మలుపు తిప్పింది. అంతకుముందు డేటాబేసులు లేవని కాదు. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన అపోలో కార్యక్రమంలో విడిభాగాల లెక్క చూడటానికి ఐబీఎం ఐఎంఎస్ అని ఒకటి తయారుచేసింది. అందులో సమాచారం చెట్టులా ఉంటుంది. పైనుంచి కొమ్మ వెంట కొమ్మ దిగుతూ వెళ్ళాలి. ఆ దారి తెలిసిన ప్రోగ్రామరుకే జవాబు దొరుకుతుంది. దాచిన తీరు మారిస్తే ప్రోగ్రాములు తిరగరాసుకోవాలి. నీకేం కావాలో చెప్పు, ఎక్కడ ఎలా వెతకాలన్నది సిస్టమ్ చూసుకుంటుంది అన్నది కాడ్ చూపిన మార్గం. 1981లో ఆయనకి కంప్యూటర్ రంగంలో అన్నిటికంటే పెద్ద బహుమతి అయిన ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు.

అలా అడగడానికి ఒక భాష కావాలి. ఐబీఎంలోనే డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనే ఇద్దరు 1974లో దాన్ని రూపొందించారు. ఇప్పుడు ఎస్‌క్యూఎల్ అంటున్నది అదే. బాయిస్ ఆ ఏడాదే, ముప్పై ఏళ్ళైనా నిండకుండా చనిపోయారు. తన భాష ప్రపంచమంతా వాడటం ఆయన చూడలేకపోయారన్నది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆ భాషలో మూడు మాటలు ముఖ్యం. సెలెక్ట్ అంటే ఏమేం కావాలి, ఫ్రమ్ అంటే ఏ పట్టికలోంచి, వేర్ అంటే ఏ షరతు మీద. తిరిగి ఇచ్చిన తేదీ గడి ఖాళీగా ఉన్న పుస్తకాలేవి, అవి ఎవరి దగ్గరున్నాయి అని అడిగామనుకోండి, అది క్వెరీ. జవాబు కోసం మూడు పట్టికల్నీ కీల ద్వారా కలిపి చూడాలి. అలా కలపడం జాయిన్.

ఖాళీ గడి అన్నాను కదా. దాన్ని నల్ అంటారు. నల్ అంటే సున్నా కాదు. వర్షపాతం రాసే పట్టికలో సున్నా ఉంటే ఆ రోజు చినుకు పడలేదని. నల్ ఉంటే ఎంత పడిందో మనకు తెలియదని, కొలవకపోయి ఉండొచ్చు, కొలిచి రాయకపోయి ఉండొచ్చు. ఖాళీల బదులు సున్నాలు నింపేస్తే లేని కరువు కాగితం మీద పుడుతుంది. ఎస్‌క్యూఎల్ ఈ విషయంలో ఎంత నిక్కచ్చిగా ఉంటుందంటే, రెండు నల్‌లు సమానమేనా అని అడిగితే అవునని చెప్పదు. తెలియనిది తెలియనిదే.

ఇక రోజూ మనకి టెన్షన్ పెట్టే సంగతి. ఫోన్‌లో డబ్బు పంపినప్పుడు మన ఖాతాలో తగ్గాలి, అవతలివారి ఖాతాలో పెరగాలి. మధ్యలో కరెంటు పోయిందనుకోండి. ఒకటి జరిగి ఇంకొకటి జరగకపోతే ఆ డబ్బేమైనట్టు? అందుకే ఈ రెండు మార్పుల్నీ ఒకే మూటగా కడతారు. దాన్ని ట్రాన్సాక్షన్ అంటారు. రెండూ జరిగితే కమిట్, ఏ ఒక్కటి కుదరకపోయినా మొదటి స్థితికి తెచ్చేస్తారు, అది రోల్‌బ్యాక్. రెండు ఖాతాలు రెండు బ్యాంకుల్లో ఉంటే, రెండు డేటాబేసులు ఒక మాట మీదికి రావాలి కనుక పని ఇంకా కష్టం. కట్ అయిన డబ్బు ఒక్కోసారి ఆలస్యంగా వెనక్కొచ్చేది అందుకే. ట్రాన్సాక్షన్ల మీద లోతుగా పనిచేసిన జిమ్ గ్రేకి 1998లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 2007లో ఒక్కరే పడవలో సముద్రంలోకి వెళ్ళి తిరిగి రాలేదు.

మళ్ళీ మా ఊరికి వస్తాను. మా లైబ్రరీలో పుస్తకాలకి నంబర్లు మొదటినుంచీ ఉన్నాయి, మనుషులకే లేవు. ఉత్తరం సంగతి జరిగాక లైబ్రేరియన్ గారు ఒక కొత్త రిజిస్టరు కొని తెచ్చి నా ముందు పెట్టారు. సభ్యుల పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, అన్నిటికంటే ముందు ఎర్రసిరాతో సభ్యత్వ సంఖ్య. ఒకటో నంబరు పంతులు గారికి రాయమన్నారు. ఆ సాయంత్రం కార్డు నేనే పట్టుకెళ్ళాను. తప్పు నాదేనని చెప్పాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని కార్డు మీద తండ్రి పేరు రెండుసార్లు చదువుకుని జేబులో పెట్టుకున్నారు. "ఐదయిందా?" అని అడిగి, చెప్పులేసుకుని నాతోపాటు బయల్దేరారు.