లాబ్‌స్టర్ రోల్‌కు వేడి వెన్నా, చల్లని మయోనైసా? కనెక్టికట్ నుంచి మెయిన్ దాకా తిని చూశాం

నమస్కారం. నా చేతిలో ఉన్నది చూడండి. గుండ్రటి బన్ను, దాని మధ్య ఎర్రటి అంచులున్న తెల్లటి కండ, పక్కల నుంచి కారుతున్న కరిగిన వెన్న. అంతే. మసాలా లేదు, ఉల్లిపాయ లేదు, మిరియాల పొడి కూడా లేదు. మేము కూర్చున్నది అమెరికా ఈశాన్య తీరంలో, కనెక్టికట్ రాష్ట్రంలో నోయాంక్ అనే చిన్న ఊళ్లో, నీటి ఒడ్డున ఉన్న అబ్బాట్స్‌లో. 1947 నుంచి ఇక్కడ లాబ్‌స్టర్ వండి పెడుతున్నారు. కూర్చోవడానికి చెక్క బల్లలు, ఎదురుగా పడవలు.

నా పక్కన మా నాన్నగారు ఉన్నారు. మచిలీపట్నం నుంచి వచ్చి నెల రోజులైంది. రొయ్య తాజాదా, నిన్నటిదా అన్నది వాసన చూసి చెప్పేస్తారు. అందుకే ఈ ప్రయాణానికి ఆయన్ను వెంటబెట్టుకున్నాను.

"నాన్నగారూ, ఇందులో కారం ఉండదు, ఫరవాలేదా?" అని అడిగాను.

"ముందు తిననివ్వమ్మా" అన్నారు.

రెండు ముద్దలయ్యాక చెప్పారు. "వేడన్నంలో నెయ్యి వేసుకుని పీత కండ కలుపుకున్నట్టుంది. దీనికి కారం వేస్తే పాడైపోతుంది." ఇంతకంటే మంచి రివ్యూ నేను చెప్పలేను. కానీ చెప్పవలసినవి ఇంకా ఉన్నాయి, ఎందుకంటే ఇది లాబ్‌స్టర్ రోల్‌లో ఒక పద్ధతి మాత్రమే.

ముందు లాబ్‌స్టర్ సంగతి. మన తీరంలో దొరికే లాబ్‌స్టర్‌కు ఒళ్లంతా ముళ్లు, పొడవాటి మీసాలు ఉంటాయి గానీ పీతకు ఉన్నట్టు ముందు రెండు పెద్ద కాళ్లు ఉండవు. దాని కండ దాదాపుగా తోకలోనే. ఇక్కడి అట్లాంటిక్ లాబ్‌స్టర్‌కు ఆ రెండు పెద్ద కాళ్లూ ఉంటాయి. రోల్ రుచి అంతా వాటిలోనే ఉంది. ఆ కాళ్ల కండ మెత్తగా, తియ్యగా ఉంటుంది. కాలికీ ఒంటికీ మధ్య కీళ్ల దగ్గర వచ్చే చిన్న ముక్కలు ఇంకా రుచి. తోక కాస్త సాగుతుంది. రోల్ చేతికి రాగానే నేను మొదట చూసేది ఇదే: కాలి కండ ఆకారం చెదరకుండా కనిపిస్తోందా, లేక అంతా తురుములా ఉందా?

ధర విని బెదిరిపోకండి, కారణం తెలుసుకోండి. ఒకటింబావు పౌను లాబ్‌స్టర్‌ను ఉడికించి ఒలిస్తే చేతికొచ్చే కండ సుమారు పావు పౌను. అంటే ఒక్క రోల్‌లో దాదాపు ఒక లాబ్‌స్టర్ మొత్తం ఉంటుంది. ఒలవడం కూడా చేత్తోనే. చాలా చోట్ల బోర్డు మీద ధర రాయరు, ఆ రోజు మార్కెట్ ధర అని మాత్రమే ఉంటుంది. వరుసలో నిలబడే ముందు అడిగి తెలుసుకోండి.

ఈ వెన్న పద్ధతి పుట్టింది కూడా కనెక్టికట్‌లోనే అంటారు. మిల్‌ఫర్డ్‌లో పెర్రీస్ అనే హోటల్ ఉండేది. 1929 ప్రాంతంలో అక్కడ వేడి వేడి లాబ్‌స్టర్ కండను వెన్నతో రొట్టెలో పెట్టి ఇచ్చారని ఆహార చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. ఆ హోటల్ ఇప్పుడు లేదు, పద్ధతి మిగిలింది. ఈ రాష్ట్రంలో లాబ్‌స్టర్ రోల్ అంటే వేడిది, వెన్నది. చల్లగా మయోనైస్ కలిపినది కావాలంటే లాబ్‌స్టర్ సలాడ్ రోల్ అని అడగాలి. ఆ ఒక్క మాట మరిచిపోతే మీకు కావలసినది కాక రెండోది చేతికొస్తుంది. ఇదే తీరంలో క్లింటన్ అనే ఊళ్లో లాబ్‌స్టర్ ల్యాండింగ్ ఉంది. పడవల రేవు పక్కన పాత చెక్క గుడిసె. అక్కడ పొడవాటి రొట్టెను కాల్చి, వెన్నతో పాటు కాస్త నిమ్మరసం పిండుతారు. ఆ పులుపు వల్ల నాకు అబ్బాట్స్ కంటే అదే ఒక మెట్టు పైన అనిపించింది. నాన్నగారు ఒప్పుకోలేదు.

ఇక కారెక్కి ఉత్తరానికి. మసాచుసెట్స్ దాటే కొద్దీ వెన్న వెనక్కి తగ్గి మయోనైస్ ముందుకొస్తుంది. బోస్టన్‌లో నార్త్ ఎండ్ అనే ఇటాలియన్ పేటలో నెప్ట్యూన్ ఆయిస్టర్ అనే చిన్న రెస్టారెంట్ ఉంది. అక్కడ వేడిదీ చల్లనిదీ రెండూ దొరుకుతాయి. చోటు తక్కువ, నిరీక్షణ ఎక్కువ. తొందర ఉన్న రోజున వెళ్లకండి.

ఇక్కడ బన్ను గురించి ఆగి చెప్పాలి. మన బేకరీ బన్నును పక్క నుంచి కోస్తాం. న్యూ ఇంగ్లండ్ (కనెక్టికట్ నుంచి మెయిన్ దాకా ఉన్న ఈ ఈశాన్య రాష్ట్రాలు) బన్నుకు చీలిక పైన ఉంటుంది, రెండు పక్కలా పైపొర ఉండదు, లోపలి తెల్లటి మెత్తటి భాగమే బయటికి కనిపిస్తుంది. ఆ పక్కలకు వెన్న రాసి పెనం మీద కాలిస్తే బయట కరకర, లోపల దూది. 1940లలో హోవర్డ్ జాన్సన్స్ హోటళ్ల కోసం, వేయించిన ఆల్చిప్పల కండ పెట్టడానికి, మెయిన్ రాష్ట్రం పోర్ట్‌లండ్‌లోని నిస్సెన్ బేకరీ ఈ బన్ను తయారుచేసిందని చెబుతారు. లాబ్‌స్టర్‌కు అది తర్వాత అతికింది. కాల్చని బన్నులో పెట్టిన లాబ్‌స్టర్ రోల్‌ను నేను లెక్కలోకే తీసుకోను.

ఈ మాట ఊరికే అనడం లేదు. దారిలో పేరు చెప్పని ఒక చోట ఆగాం. రొట్టె చల్లగా, తడిగా ఉంది. మయోనైస్‌లో ముక్కలు ఈదుతున్నాయి. నాన్నగారు ఒక ముక్క నోట్లో వేసుకుని "ఐసులో చాలా రోజులున్న సరుకమ్మా" అని పక్కన పెట్టేశారు. మయోనైస్ పద్ధతిలో ఉన్న ప్రమాదం అదే. అది పాత సరుకును దాచగలదు. వెన్న దాచలేదు.

కానీ మెయిన్ రాష్ట్రంలో మంచి చోట తింటే మయోనైస్ మీద అభిప్రాయం మారుతుంది. అక్కడివాళ్లు దాన్ని తడిపీ తడపనట్టు వేస్తారు. కండ చల్లగా, బన్ను వేడిగా. ఆ రెంటి తేడా నోట్లో కలిసే క్షణమే ఈ పద్ధతి అసలు రుచి. కెన్నెబంక్ దగ్గర వంతెన పక్కన క్లామ్ షాక్ ఉంది. 1968లో మొదలైంది. ఇక్కడ బన్ను గుండ్రంగా ఉంటుంది. వెన్నా మయోనైసూ రెండూ అడగవచ్చు. నేను రెండూ అడిగాను. తగాదా తీర్చినట్టే ఉంది, నిజంగా బాగుంది.

ఇంకా పైకి వెళ్తే విస్కాసెట్. ఒకటో నంబరు రహదారి మీద, నది వంతెన దగ్గర రెడ్స్ ఈట్స్ అనే చిన్న ఎర్ర గుడిసె. వేసవిలో దాని వరుస వీధి మూల దాకా ఉంటుంది. ఇక్కడ ఏదీ కలపరు. కాల్చిన బన్నులో ఒక లాబ్‌స్టర్ కంటే ఎక్కువ కండను గుట్టగా పేర్చి, కరిగిన వెన్న, మయోనైస్ విడిగా ఇస్తారు. చేత్తో చింపిన పెద్ద ముక్కలు. వరుసలో గంటకు పైగా నిలబడ్డాం. నా తీర్పు: కండ అద్భుతం, కానీ రొట్టె కనిపించనంత కండ ఉన్నప్పుడు అది రోల్ కాదు, పళ్లెంలో పెట్టుకుని తినవలసిన భోజనం. మొదటిసారి వచ్చినవారు ఒక్కసారైనా తినండి. వరుస భరించలేకపోతే రోడ్డుకు అవతలే స్ప్రేగ్స్ ఉంది.

వరుసలో నిలబడ్డప్పుడు నాన్నగారికి ఇక్కడి వేట నియమాలు చెప్పాను. పట్టిన ప్రతి లాబ్‌స్టర్‌నూ కొలుస్తారు. కన్ను వెనక నుంచి వీపు పెంకు చివరి దాకా మూడుంబావు అంగుళాల కంటే తక్కువైనా, ఐదు అంగుళాల కంటే ఎక్కువైనా సముద్రంలోకి వదిలేయాలి. గుడ్లతో ఉన్న ఆడదాని తోక మీద చిన్న గంటు పెట్టి వదులుతారు. ఆ గంటున్నది మళ్లీ ఎవరికి చిక్కినా ముట్టకూడదు. "మన దగ్గర ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆపుతారు కదా, అదీ ఇందుకే" అన్నారాయన. ఆ మాటతో ఆ గంట నిరీక్షణ నాకు బరువనిపించలేదు.

పోర్ట్‌లండ్‌లో రెండు చోట్లు చెప్పి తీరాలి. 2012లో తెరిచిన ఈవెంటైడ్‌లో ఆవిరి మీద ఉడికిన మెత్తటి చైనా తరహా బన్నులో లాబ్‌స్టర్ పెడతారు. వెన్నను ఎర్రబడే దాకా కాస్తారు. మన ఇళ్లలో నెయ్యి కాచేటప్పుడు అడుగున మడ్డి ఎర్రబడుతూ వచ్చే ఆ కమ్మటి వాసన ఉంటుంది చూడండి, అదే వాసన. చిన్న రోల్, నాలుగు ముద్దలకు అయిపోతుంది. అయినా ఈ ప్రయాణంలో నాకు ఎక్కువ గుర్తున్నది అదే. రెండోది, ఊరి బయట ఫోర్ట్ విలియమ్స్ పార్కులో బైట్ ఇంటూ మెయిన్ బండి. 1791లో వెలిగిన లైట్‌హౌస్ ఎదురుగా ఉంటుంది. వాళ్ల దగ్గర కనెక్టికట్ పద్ధతీ మెయిన్ పద్ధతీ పక్కపక్కనే దొరుకుతాయి, కాబట్టి ఒకే రోజు పోల్చి చూడాలనుకునేవారికి ఇంతకంటే మంచి చోటు లేదు. మయోనైస్‌లో కూరపొడి కలిపిన రకం కూడా ఉంది. తెలుగువాళ్లం కదా అని ముందు దాని మీదకు పోకండి. ఆ పొడి లాబ్‌స్టర్ తీపిని మింగేసింది.

ఇవి చాలా వరకు వేసవి అంగళ్లు, చలికాలంలో మూసేస్తారు. జులై నుంచి శరదృతువు మొదటి దాకా వస్తే కొత్త పెంకు లాబ్‌స్టర్, అంటే పాత పెంకు విడిచి కొత్తది తొడుక్కున్నది, దొరుకుతుంది. కండ తక్కువ, తీపి ఎక్కువ. వాతావరణం బాగున్న శనివారాలు వద్దు, మంగళవారం పదకొండింటికి వెళ్లండి.

తిరుగు ప్రయాణంలో నోయాంక్ దారి బోర్డు కనిపించగానే నాన్నగారు "కారు ఆపమ్మా" అన్నారు. ఆపాను. ఈసారి వెన్న ఇంకో గిన్నె అడగమన్నారు, అడిగాను, ఇచ్చారు.