డెబ్బై అయిదేళ్ల ఫాదర్ రాసిన ఉత్తరం

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం మనం తలుచుకుంటున్న పెద్దాయన ఫాదర్ గాస్తోన్ లోరాన్ కెర్దూ. 1691లో ఫ్రాన్సులోని బూర్జ్‌లో పుట్టి, యేసు సభలో (జెసూట్ అనే క్రైస్తవ ఫాదర్ల సంఘంలో) చేరి, 1732లో మన దేశానికి వచ్చారు. ఎక్కువకాలం తెలుగువాళ్ల మధ్యే పనిచేశారు. తెలుగు నేర్చుకుని, తెలుగు, ఫ్రెంచ్, సంస్కృత పదాలతో నిఘంటువు కూర్చడానికి పూనుకున్నారు.

1742 జనవరిలో ఆయన స్వదేశానికి ఒక ఉత్తరం రాశారు. అందులోని విషయం అద్దకం. కొత్తగా క్రైస్తవులైన అద్దకం పనివాళ్లను అడిగి అడిగి తెలుసుకున్న సంగతులవి. తెల్లగుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానబెట్టాలి. పిండి ఎండలో ఆరేయాలి. ఆ పాల జిడ్డే రంగును గీత దాటి పాకనివ్వదు. నీలి తగలకూడని చోట మైనం పూయాలి. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ల ఇళ్లలో కరక్కాయ, పాలు కలిసిన ఆ వాసన ఇప్పటికీ ఉంటుంది.

ఒక మాట దాచకూడదు. మన అద్దకం గుడ్డల దిగుమతిని ఫ్రాన్సు 1686లోనే నిషేధించింది. అక్కడివారికి గుడ్డలు వద్దు, కిటుకులు కావాలి. ఆ కిటుకులు ఈ ఉత్తరంతో సముద్రం దాటాయి. చెప్పిన పనివాళ్ల పేర్లు మాత్రం నాకు ఎక్కడా కనిపించలేదు. కెర్దూ అంటే నాకు ఎంత గౌరవమున్నా ఈ బాధ తీరదు.

ఇక ఆయన 75 ఏళ్ల వయసులో, 1767లో చేసిన పని. ప్యారిస్‌లోని విద్వత్సభకు సంస్కృతం గురించి రాస్తూ ఒక ప్రశ్న వేశారు. మన ‘దానం’ లాటిన్‌లో ‘దోనుమ్’ ఎలా అయింది? ‘విధవ’ అక్కడ ‘విదువా’ ఎందుకుంది? మాటలు అరువు పోవచ్చు. కానీ అస్మి, అసి, అస్తి అనే సంస్కృత క్రియారూపాలు కూడా లాటిన్‌వాటితో కలుస్తున్నాయే! వ్యాపారం వల్లనో యుద్ధాల వల్లనో ఇంత పోలిక రాదు, ఇవి ఒకే పుట్టుక గల భాషలు అని తేల్చారు. కారణం చెప్పడానికి మనుషుల భాషలు వేరైపోయాయని చెప్పే బైబిల్లోని బాబెలు కథను ఆశ్రయించారు, నిజమే. అయినా ఆయన చూపు తప్పలేదు.

ఇంగ్లీషు పండితుడు విలియం జోన్స్ కలకత్తాలో ఇదే మాట చెప్పింది 1786లో. కెర్దూ 1767లో రాసిన ఈ ఉత్తరం అచ్చయింది 1808లో! అప్పటికి ఆయన పోయి 29 ఏళ్లు. పేరంతా జోన్స్‌కే దక్కింది. అంతటితో ఆగలేదు. మన ఆచారాల గురించి 1816లో అబ్బే దుబోయి అనే ఫ్రెంచ్ ఫాదర్ పేరుతో లండన్‌లో వెలువడిన ప్రసిద్ధ గ్రంథానికి ఆధారం కెర్దూ రాతలేనని 1987లో సిల్వియా మ్యూర్ అనే పరిశోధకురాలు బయటపెట్టారు.

చివరి రోజులు తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. 1773లో పోపు యేసు సభనే రద్దు చేశారు. 1778లో పుదుచ్చేరి ఇంగ్లీషువారి వశమైంది. మరుసటి ఏడు జూన్ 15న ఆ ఊళ్లోనే కన్నుమూశారు. అప్పటికి 87 ఏళ్లు.

ఫ్రెంచ్ చదువుకుంటున్న పిల్లలు ఈ సభలో ఉంటే ఒక కోరిక. ఆ 1742 ఉత్తరాన్ని తెలుగు చేయండి. తొలి ప్రతిని శ్రీకాళహస్తి పనివాళ్ల చేతుల్లో పెడదాం. ఫాదర్ ఎక్కడైనా పొరబడితే వాళ్లే దిద్దుతారు.