ది అసెంట్ (1977) రివ్యూ: రిబాక్‌ని ఎక్కడ తిట్టడం మొదలెడతారు?

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? ముందే చెప్పేస్తున్నా, వరల్డ్ సినిమాలు వేసే ఒక ఓటీటీ వాళ్లు నాకు ఏడాది సబ్‌స్క్రిప్షన్ ఫ్రీగా ఇచ్చారు. డబ్బులేం ఇవ్వలేదు, ఏ సినిమా గురించి మాట్లాడాలో కూడా చెప్పలేదు. వాళ్ల లిస్టులో ఎక్కడో అడుగున పడున్న దీన్ని నేనే బయటికి లాగాను. ‘ది అసెంట్’, సోవియట్ సినిమా, డైరెక్టర్ లరీసా షెపిట్కో.

1977లో బెర్లిన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో టాప్ అవార్డు, గోల్డెన్ బేర్, కొట్టిన సినిమా అండీ ఇది! అయినా సోవియట్ వార్ సినిమా అనగానే అందరి నోటా ‘కమ్ అండ్ సీ’నే వస్తుంది. అది తీసిన ఎలెమ్ క్లిమోవ్ షెపిట్కో భర్తే. 1979లో, తర్వాతి సినిమాకి లొకేషన్లు వెతికే పనిలో ఉండగా కారు ప్రమాదంలో పోయింది ఈవిడ. 41 ఏళ్లు. ఆగిపోయిన ఆ సినిమాని ఆయనే పూర్తి చేశాడు.

కథ గబగబా చెప్తా. రెండో ప్రపంచ యుద్ధం, జర్మన్ల చేతిలో ఉన్న బెలారస్, చలికాలం. తిండి కోసం బయల్దేరిన ఇద్దరు సోవియట్ గెరిల్లాలు, రిబాక్, సోత్నికొవ్. దొరికిపోతారు. అంతే.

ఇక ఆ దగ్గు గురించి చెప్పాలి. సోత్నికొవ్ మొదట్నుంచీ దగ్గుతూనే ఉంటాడు. కాల్లో గుండు దిగుతుంది. ముగ్గురు పిల్లల తల్లి ఇంట్లో తలదాచుకుంటారు, ఇంతలో జర్మన్లొస్తారు, వీళ్లిద్దరూ అటకెక్కుతారు. ఆ దగ్గు ఇప్పుడొస్తుందా, ఇంకాసేపట్లో వస్తుందా అని సోఫాలో కూర్చున్న నేను గొంతు బిగబట్టాను. బాంబుల్లేవు, ట్యాంకుల్లేవు, ఒక్క దగ్గు! మూరమ్ దగ్గర, మైనస్ 40 దాకా పడిపోయే చలిలో తీశారట. తెర మీద తెలిసిపోతుంది.

ఇప్పుడు నా మంట. తెల్లటి మంచు మీద తెల్లటి సబ్‌టైటిల్స్ ఏంటండీ? రంగు మార్చుకునే ఆప్షన్ లేదు, అంచుకి నల్ల గీత కూడా లేదు. పోయినేడాది ఒక ప్రొజెక్టర్ రివ్యూ చేశా, గుర్తుందా, నలుపుని బూడిద రంగులో చూపిస్తోందని తిట్టానే, అదే. దాని మీద వేస్తే మంచు, ఆకాశం, అక్షరాలు అన్నీ ఒకటైపోయాయి. ఫ్రీగా ఇచ్చారని మొహమాటపడను, ఇది దారుణం.

మా నాన్నగారు విశాలాంధ్ర వ్యానులో కొన్న సోవియట్ పుస్తకాలు చదివిన మనిషి. పక్కన కూర్చుని చూసి, ‘దీన్ని అక్కడ ఎలా బయటికి రానిచ్చారు?’ అన్నారు. నిజంగానే సెన్సార్ గండం ఉండేదట. బెలారస్ పార్టీ నాయకుడు మాషెరోవ్, ఆయనా యుద్ధంలో గెరిల్లానే, చూసి కదిలిపోయాడనీ, దాంతో గట్టెక్కిందనీ అంటారు.

సోత్నికొవ్‌ని అచ్చం ఏసులా చూపించడం, ఆ కళ్లు, ఆ వెలుగు, నాకు కాస్త ఎక్కువైంది. జర్మన్ల తరఫున విచారణ చేసే పోర్ట్‌నోవ్‌గా సొలొనిత్సిన్, అదే తార్కోవ్‌స్కీ సినిమా ‘ఆంద్రేయ్ రుబ్ల్యోవ్’ హీరో, భయపెట్టేశాడు. కానీ నన్ను వదలనిది రిబాక్. సగం సినిమా దాకా హీరో అతనే! దారి తెలిసినవాడు, తిండి సంపాదించేవాడు. గుండు తగిలిన వాణ్ని వదిలెయ్యకుండా మంచులో ఈడ్చుకుంటూ వస్తాడు, ఎంతకీ అవ్వదు ఆ సీను. దొరికాక కూడా, బతికుంటేనే కదా మళ్లీ పోరాడేది అనుకుంటాడు. నేనూ తలూపాను. అక్కణ్నుంచి కొంచెం కొంచెంగా జర్మన్ల వైపు జారతాడు, ప్రతిసారీ అతని లెక్క సబబుగానే ఉంటుంది. అందుకే ఒళ్లు జలదరిస్తుంది.

నా వరకు ఐదుకి ఐదు. ఆ ఓటీటీకి మాత్రం, సబ్‌టైటిల్స్ బాగుచేసేదాకా, డబ్బు కట్టమని చెప్పను. రాత్రి పడుకునే ముందు పెట్టుకోకండి, నిద్ర పట్టదు. చూసినవాళ్లు రిబాక్‌ని తిట్టండి, పర్లేదు, కానీ ఏ సీన్ దగ్గర మొదలెట్టారో కింద రాయండి.