మోటారు షాపులో ప్రపంచ సినిమా

(అనంతపురంలో ఒక ఆదివారం సాయంత్రం సినిమా అభిమానుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. "హాలీవుడ్ మీద, బయటి దేశాల సినిమాల మీద మాట్లాడన్నా" అని ఈ పిల్లోళ్లు షాపుకొచ్చి అడిగినప్పుడు ముందు వద్దనే అన్నాను. నేను లెక్చరర్ని కాదు. కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ చుట్టేవాణ్ణి. ముప్పై ఏళ్లుగా అదే పని. తీగ చుట్లు లెక్కపెట్టేటప్పుడు తప్ప మిగతా టైమంతా ఎదురుగా కంప్యూటర్లో ఏదో ఒక సినిమా నడుస్తూనే ఉంటుంది. "మాటలు అర్థం కావు, ఏం చూస్తావన్నా?" అని అడుగుతారు. కింద అక్షరాలు పడతాయి, కొన్ని చదువుతాను, కొన్ని వదిలేస్తాను.

అనంతపురానికీ ప్రపంచ సినిమాకూ ఏం సంబంధం అని ఎవరైనా అంటే ఒక్క మాట చెప్పండి. 1952లో బొంబాయిలో మన దేశపు మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరిగింది. ఇటలీ వాళ్ల 'బైసికిల్ థీవ్స్' ఆడిన ఆ పండగలోనే మన 'పాతాళ భైరవి' కూడా ఆడింది. అది తీసిన కె.వి. రెడ్డి గారిది తాడిపత్రి. కాబట్టి మనం కొత్తగా పోయి ఎవరి వాకిట్లోనో నిలబడటం లేదు.

ఇక నా అభిప్రాయాలు. ముందే చెప్తున్నాను, ఇవి నీళ్ల వైపు ఒరిగిపోయి ఉంటాయి. నా పని అట్లాంటిది. ఏ దేశం సినిమా చూసినా నాకు మొదట వచ్చే అనుమానం ఒకటే: వీళ్లకు నీళ్లు యాడ నుంచి వస్తున్నాయి? సూపర్ హీరో సినిమాల్లో కార్లు గుద్దుకుని ఫుట్‌పాత్ పక్కనుండే ఎర్ర కుళాయి పగులుతుంది చూడండి, నీళ్లు మిద్దె ఎత్తున చిమ్ముతాయి. హాలంతా హీరోను చూస్తుంటే నేను ఆ కుళాయిని చూస్తుంటాను. ఎవరైనా పోయి వాల్వ్ కట్టెయ్యండయ్యా అనిపిస్తుంది. ఆ సినిమాల గురించి అంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

'ఇంటర్‌స్టెల్లార్' గురించి మాట్లాడకపోతే ఈ ముందు వరసలో ఉన్న తమ్ముళ్లు నన్ను పోనివ్వరు. 2014లో వచ్చింది. తెగుళ్లతో పంటలు ఒక్కొక్కటే పోతుంటాయి, ఊరంతా దుమ్ము. ఇదే ఆఖరి బెండ పంట అని ఒక మాట వస్తుంది. ఆ మొదటి ముప్పావు గంట నాకు ప్రాణం. అన్నం పళ్లేలు బోర్లించి పెట్టడం చూస్తే, మన ఎండాకాలం గాలి గుర్తొచ్చింది. ఆ తర్వాత హీరో పొలం వదిలేసి ఆకాశంలోకి పోతాడు. అక్కడ నాకూ సినిమాకూ చెడింది. పంట పోతే రైతు బెంగళూరు పోతాడు, కేరళ పోతాడు, శనిగ్రహం దాకా ఎందుకు పోతాడప్పా? మీకు నచ్చుతుంది, కాదనను. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ సినిమా కోసం డైరెక్టర్ నోలన్ కెనడాలో 500 ఎకరాల మొక్కజొన్న నిజంగా వేయించాడు. షూటింగ్ అయ్యాక ఆ పంట అమ్మితే లాభం కూడా వచ్చిందట. మన జిల్లాలో శెనక్కాయ వేసినవాళ్లు ఈ విషయం ఇంట్లో చెప్పకండి.

'మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్' 2015లో వచ్చింది. తీసింది ఆస్ట్రేలియా ఆయన, జార్జ్ మిల్లర్. అందులో ఒక దొర కొండ మీద నుంచి జనానికి నీళ్లు వదులుతాడు. కింద వేల మంది బిందెలు, తప్పేలాలు ఎత్తి నిలబడతారు. నిమిషం కూడా కాకముందే కట్టేసి, నీళ్లకు అలవాటు పడొద్దని బుద్ధి చెప్తాడు. వారానికోసారి ట్యాంకరొచ్చే వీధిలో పెరిగిన నాకు ఆ సీను కల్పన అనిపించలేదు. ఆ బిందెల్లో పడినదానికంటే ఇసుకలో పోయిందే ఎక్కువ, అది కూడా సరిగ్గా చూపించాడు. ఇంకో సంగతి. ఈ సినిమా ముందు ఆస్ట్రేలియాలోనే తీద్దామనుకున్నారు. ఈలోపు వానలు పడి ఆ ఎడారి పచ్చబడి పూలు పూసింది. దాంతో సామానంతా సర్దుకుని ఆఫ్రికాలో నమీబియాకు పోయారు. వాన పడిందని బాధపడి దేశం మారినవాళ్లను నేను ఇంకెక్కడా వినలేదు.

ఇప్పుడు అసలు హాలీవుడ్ సినిమా. 'చైనాటౌన్', 1974. పేరు చూసి కరాటే సినిమా అనుకుని పెట్టాను. చూస్తే మొత్తం కాలువల గోల. లాస్ ఏంజెలెస్‌లో కరువు. నీటి శాఖ పెద్ద ఇంజనీరు ఒక డ్యామ్ కట్టనని అడ్డం తిరుగుతాడు. తర్వాత ఆయన శవం దొరుకుతుంది. కరువులో మునిగి చనిపోయాడంటారు! ఊపిరితిత్తుల్లో చూస్తే ఉప్పునీళ్లు. ఊరు ఎండుతుంటే రాత్రిపూట ఎవరో మంచినీళ్లను సముద్రంలోకి వదిలేస్తుంటారు. ఎందుకంటే లోయలో రైతులు విసిగిపోయి భూములు అమ్ముకోవాలి. కొన్నది ఎవరు? కాగితాల్లో చూస్తే అన్నీ వృద్ధాశ్రమంలో ఉన్న ముసలోళ్ల పేర్లు. ఒకాయన చనిపోయిన వారానికి పొలం కొన్నట్టు ఉంటుంది. బినామీ అనే మాట అమెరికా వాళ్లకు లేదేమో గానీ పని మాత్రం తెలుసు.

దీనికి రాబర్ట్ టౌన్ స్క్రీన్‌ప్లే రాశాడు, ఆస్కార్ వచ్చింది. అది సరే. నన్ను పట్టుకున్నది వేరే. ఈ కథ జరిగే సంవత్సరం 1937. అదే 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో కోస్తా, సీమ పెద్దలు కూర్చుని శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో సీమ అవసరాలకు ముందు చోటు ఇస్తామని అందులో ఉంది. అక్కడ వాళ్లు, ఇక్కడ మనం, ఒకే ఏడాది నీళ్ల కాగితాలు పట్టుకుని ఉన్నాం. వాళ్ల కాగితం కథలోది, మనది నిజంది. వాళ్లు దాని మీద సినిమా తీశారు. మనం? సీమ అనగానే మన సినిమా వాళ్లకు సుమోలు, బాంబులు, తొడలు. ఆ సుమోలు దూసుకుపోతున్నప్పుడు కింద ఎవరిదో పైరు తొక్కిపోతుంటుంది. దాని మీదికి కెమెరా ఎప్పుడూ తిరగదు. ఫ్యాక్షన్ లేదని నేను అనడం లేదు, ఉండేది. అయితే నా షాపుకు ముప్పై ఏళ్లలో వచ్చినవాళ్లు కొడవళ్లు తేలేదు, మోటార్లు తెచ్చారు.

చివరగా, నేను అన్నిటికంటే ఎక్కువసార్లు చూసిన సినిమా. ఫ్రాన్సుది, 'జాన్ ద ఫ్లోరెట్', 1986. తీసింది క్లాడ్ బెర్రి. జాన్ అని ఒక గూనాయన. పట్నంలో పన్నుల ఆఫీసులో ఉద్యోగం. తల్లి తరఫు పొలం వస్తే పెళ్లాం బిడ్డతో పల్లెకొచ్చి కుందేళ్లు పెంచాలనుకుంటాడు. ఆ పొలంలో మంచి ఊట ఉంది. పక్కనున్న ముసలి భూస్వామి, వాళ్ల బంధువుల పిల్లగాడు కలిసి ఈయన రాకముందే దానికి సిమెంటు బిరడా కొట్టేసి పైన మన్ను కప్పేశారు. పొలం చౌకగా కొని పూలతోట వేసుకోవాలని. ఊరందరికీ తెలుసు. ఎవరూ నోరు విప్పరు. ఆయన బయటివాడు కదా.

ఇక ఆయన పాట్లు. ఎక్కడో దూరపు ఊట నుంచి నీళ్లు మోసుకొస్తాడు, ఆ గూని వీపు మీద. పుస్తకాలు చూస్తాడు, వానల లెక్కలు వేస్తాడు. టెంకాయ చేతిలో పట్టుకుని నీళ్ల పాయింట్ చూడలేదు, అంతే తేడా. ఒక రాత్రి ఉరుములు. ఇల్లంతా బయటికి పరిగెత్తుతుంది. వాన కొండకు అవతల పడుతుంది, ఇవతల ఒక్క చుక్క లేదు. ఆయన ఆకాశం వైపు తిరిగి దేవుణ్ణి నిలదీస్తాడు. ఆ సీను నడుస్తున్నప్పుడు షాపులో నలుగురైదుగురు ఉన్నారు, మోటార్ల కోసం వచ్చినవాళ్లే. ఒక్కరికీ ఫ్రెంచి రాదు. అందరూ బీడీలు ఆర్పేశారు. చివరికి పొలం తాకట్టు పెట్టి బావి కోసం డైనమైట్ తెస్తాడు, ఆ పేలుడులోనే పోతాడు. అప్పిచ్చింది ఎవరనుకున్నారు? ఊట మూసిన ఆ ముసలోడే.

కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన రైతు ఒకాయన సినిమా అయిపోయాక లేవలేదు. ఏడున్నర హెచ్‌పీ మోటారు ఆయనది, బోరులో నీళ్లు కిందికి పోయి వట్టిగా తిరిగి కాలిపోయింది. "ఆ ముసలోడు వీనికి ఏమైతాడన్నా?" అన్నాడు. "ఏమీ కాడు, పక్క పొలమాయన" అన్నాను. "ఉండదన్నా. పరాయోడు ఇంత ఓపిగ్గా చెయ్యడు. ఇది దాయాదుల పని" అని మోటారు ఆటోలో వేసుకుని పోయాడు. నేను నవ్వుకున్నాను.

దానికి రెండో భాగం ఉందని నాకు తర్వాత తెలిసింది. మా పిల్లోడు ఎక్కడో పట్టుకొచ్చాడు. 'మనాన్ దె సూర్స్', అదీ 1986దే. జాన్ కూతురు పెద్దదై మేకలు కాసుకుంటూ ఉంటుంది. ఊరికి నీళ్లొచ్చే అసలు ఊట ఎక్కడుందో కనిపెట్టి, ఈసారి ఆ పిల్లే దాన్ని మూసేస్తుంది. ఊరికి నీళ్లు ఆగిపోతాయి. అప్పుడు గుడ్డి ముసలావిడ ఒకామె భూస్వామికి చెప్తుంది, జాన్ తల్లి నీవల్లే కడుపుతో ఉండి నీకు ఉత్తరం రాసిందని. ఆ ఉత్తరం మిలిటరీలో ఉన్న ఈయనకు అందలేదు. అంటే ఆయన ఊట మూసి చంపింది సొంత కొడుకును.

రెండు నెలలకు ఆ కళ్యాణదుర్గం రైతు మళ్లీ వచ్చాడు, అదే మోటారు పట్టుకుని. మళ్లీ కాలింది. నేను మోటారు దించకముందే కథంతా చెప్పాను. నీ మాటే నిజమైంది, కొడుకేనంట అన్నాను. ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు.

"నేను అప్పుడే చెప్తి కదన్నా. సరే గానీ, ఇది రేపటికి అయితాదా?" అన్నాడు.